సలాం తీసుకో, జవాబు ఇవ్వకు



మీ ఫోన్లో నమాజ్ వేళలు చూపించే యాప్ ఉందా? ఉంటే ఒకసారి దాని సెట్టింగ్స్ తెరిచి చూడండి. ఏ పద్ధతిలో లెక్క కట్టాలో ఎంచుకోమని ఒక జాబితా కనిపిస్తుంది. కరాచీ, ఉమ్ముల్ ఖురా, మిస్ర్, ఉత్తర అమెరికా వాళ్లది. చాలా యాపుల్లో ఆ వరసలోనే తెహ్రాన్ కూడా ఉంటుంది. తెహ్రాన్ యూనివర్సిటీలోని జియోఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల లెక్క అది. సూర్యుడు దిగంతానికి 17.7 డిగ్రీల కింద ఉన్నప్పుడు ఫజర్ మొదలవుతుందంటుంది. మనం వాడే కరాచీ లెక్కలో అది 18. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి నాకివి ముచ్చటగా ఉంటాయి. మీకు విసుగనిపిస్తే మాఫ్ చేయండి.

మా చిన్నోడు ఇలాంటి యాప్ ఒకటి తెలుగులో రాశాడు. వాడు హైదరాబాదులో ఒక అమెరికా కంపెనీ ఆఫీసులో నౌక్రీ చేస్తాడు. ఈ యాప్ మాత్రం ఆదివారాలు ఇంట్లో కూర్చుని, తన సొంత లాప్‌టాప్ మీద రాసుకున్నది. రాసిన కోడ్ అంతా నెట్‌లో తెరిచి పెట్టాడు. ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, గలతీ కనిపిస్తే దిద్ది పంపొచ్చు. ఓపెన్ సోర్స్ అంటే ఇదే. పైసా రాదు, పైసా అడగరు.

మొన్న ఆగస్టులో మషద్ నుంచి ఒక అబ్బాయి దిద్దుబాటు పంపాడు. వీళ్ల జబాన్‌లో దాన్ని ప్యాచ్ అంటారు. అర్ధరాత్రి ఎప్పుడన్నది గలతీ. మావాడు సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఉన్న సమయాన్ని సగం చేశాడు. జాఫరీ పద్ధతిలో అలా కాదట, సూర్యాస్తమయం నుంచి ఫజర్ దాకా తీసుకుని సగం చేయాలట. యాప్‌లో జాఫరీ పద్ధతి పెట్టింది మావాడే, కానీ సున్నీ ఇంట్లో పుట్టిన పిల్లాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఆ పద్ధతిలో పుట్టి పెరిగినవాడు చూడగానే పట్టుకున్నాడు. ఏడు లైన్ల మార్పు. దాని పైన ఒక మాట: సలాం.

పందొమ్మిది రోజులు మావాడు ఆ సలాంకు జవాబు ఇవ్వలేదు.

మిలాదున్నబీ సెలవుకు ఇంటికొచ్చినప్పుడు దస్తర్‌ఖాన్ దగ్గర సంగతి బయటపెట్టాడు. ఆఫీసులో ఒక సీనియర్‌ని అడిగితే "ఇరాన్ వాళ్లతో పెట్టుకోకు, నౌక్రీకే ఎసరు" అన్నాడట. "ఏం చేయమంటావ్ అబ్బా?" అన్నాడు. అప్పటికప్పుడు ఫైసలా చెప్పడానికి నాకేం తెలుసు? చదివి చెబుతాన్లే బేటా అన్నాను. నెల రోజులుగా చదువుతూనే ఉన్నాను. చదివేకొద్దీ కోపం వచ్చింది, కొన్ని చోట్ల నా కోపమే తగ్గింది కూడా. రెండూ చెబుతాను.

మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఓపెన్ సోర్స్ వక్ఫ్ బావి లాంటిది. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే స్టూడెంట్ లైనక్స్ మొదలుపెట్టాడు. మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది అదే. దాన్ని జీపీఎల్ అనే లైసెన్సు కింద ఇచ్చేశాడు. ఎవరైనా తోడుకోవచ్చు, ఎవరికైనా పోయొచ్చు. మార్చి పంచిపెడితే ఆ మార్పు కూడా అందరికీ తెరిచి పెట్టాలి. ఒకసారి వక్ఫ్ అయితే ఎప్పటికీ వక్ఫ్ అంటారు చూడండి, అచ్చం అలాగే. (ఈ మాట ఈ రోజుల్లో మన దేశంలో పైకి అనాలన్నా రెండుసార్లు ఆలోచించాల్సి వస్తోంది. అది వేరే రోజు మాట్లాడుకుందాం.)

కాని ఆ లైసెన్సు నీళ్ల గురించే మాట్లాడుతుంది, బావి దగ్గర నిలబడే మనుషుల గురించి మాట్లాడదు. తోడుకునే హక్కుకు రాతకోతలున్నాయి. తెచ్చి పోసే హక్కుకు లేవు. తెచ్చి పోయాలంటే ముందు ఒక సైటులో ఖాతా ఉండాలి, ఆ సైటు ఏదో ఒక దేశపు కంపెనీది. నీ పని చూసి సరే అనే పెద్ద ఉండాలి. లైనక్స్‌లో వాళ్లను మెయింటెయినర్లు అంటారు. నేను ముతవల్లీలు అంటాను. పాబందీలు పడేది ఇక్కడే. తెహ్రాన్‌లో కూర్చున్న పిల్లాడు లైనక్స్‌ను వాడుకుంటే లైసెన్సు అడ్డు చెప్పదు. వాడు ఏదైనా ఇవ్వబోతేనే చిక్కు.

ఇది కొత్త సంగతి కాదు. 2010 జనవరిలో సోర్స్‌ఫోర్జ్ అనే పెద్ద కోడ్ భండారం ఇరాన్, సిరియా, సూడాన్, క్యూబా, ఉత్తర కొరియా వాళ్లకు తలుపు మూసింది. గొడవ అయ్యాక ఫిబ్రవరిలో ఎవరి ప్రాజెక్టు తలుపు వాళ్లే తెరుచుకోవచ్చని సవరించింది. తర్వాత ఆ స్థానం గిట్‌హబ్ ఆక్రమించింది. 2019 జులైలో గిట్‌హబ్ ఇరాన్, సిరియా, క్రిమియాల్లో ఉన్నవాళ్ల ఖాతాలకు పాబందీ పెట్టింది. బహిరంగంగా పెట్టిన కోడ్ జోలికి పోలేదు గాని, ప్రైవేటుగా దాచుకున్న పని యజమానికే అందకుండా పోయింది. వారం ముందు చెప్పి ఉంటే కాపీ చేసుకునేవాళ్లు కదా. అప్పటి గిట్‌హబ్ పెద్ద నాట్ ఫ్రీడ్‌మన్ ఇది అమెరికా చట్టం, మా మజ్‌బూరీ అన్నాడు. అంతటితో ఊరుకోకుండా అమెరికా ఖజానా శాఖ చుట్టూ తిరిగి 2021 జనవరిలో ఇరాన్ కోసం ఇజాజత్ తెచ్చాడు. అందుకు ఆయనకు షుక్రియా చెప్పాలి. ఆ తలుపు తెరుచుకుంది కాబట్టే మషద్ అబ్బాయి మావాడికి ఏడు లైన్లు పంపగలిగాడు.

ఇరాన్‌లో ప్రోగ్రాములు రాసేవాళ్లకు 403 అనే అంకె బాగా తెలుసు. "నీకు లోపలికి ఇజాజత్ లేదు" అని సర్వర్ చెప్పే అంకె అది. ఒకవైపు వాళ్ల సొంత హుకూమత్ నెట్‌కు జల్లెడ పట్టి సగం సైట్లు మూస్తుంది. మిగిలిన సగంలో బయటివాళ్లు 403 అంటారు. ఆంక్షల్ని మనం పాబందీ అంటాం, ఫార్సీలో తహ్రీమ్ అంటారు. హరామ్ అనే మాట పుట్టిన వేరు నుంచే అదీ పుట్టింది. ఒక పిల్లాడు రాసిన ఏడు లైన్లు హరామ్ ఎట్లా అయ్యాయి?

నిజానికి చట్టంలోనే దీనికి సందు ఉంది. 1988లో అమెరికా కాంగ్రెస్ ఒక సవరణ తెచ్చింది. ఏ దేశం మీద ఏ ఆంక్ష పెట్టినా కితాబులు, పత్రికలు, సినిమాలు అటూ ఇటూ పోవడాన్ని ఆపకూడదని. మరి కోడ్ కితాబా, సరుకా? దీని మీద ఒక కిస్సా ఉంది. ఉత్తరాల్ని తాళం వేసి పంపే పీజీపీ అనే ప్రోగ్రాము 1990ల్లో వచ్చింది. అప్పటి అమెరికా చట్టం లెక్కలో అలాంటిది హథియార్ కిందికి వస్తుంది, దేశం దాటకూడదు. ఏం చేశారంటే, 1995లో ఎంఐటీ ప్రెస్ ఆ కోడ్ మొత్తాన్ని పుస్తకంగా అచ్చేసింది. డిస్కులో ఉంటే తుపాకీ, కాగితం మీద ఉంటే కితాబు! నవ్వొస్తుంది గాని ముప్పై ఏళ్ల తర్వాత కూడా మనం అక్కడే ఉన్నాం. తెలియక చేసినా జరిమానా వేయగలిగే చట్టం అది. అందుకే కంపెనీలు సందు వెతకవు. చట్టం ఒక గజం అడిగితే ఖౌఫ్‌తో నాలుగు గజాలు ఇస్తాయి. 2018 డిసెంబరులో స్లాక్ కంపెనీ ఎప్పుడో ఇరాన్‌కు వెళ్లి వచ్చినవాళ్ల ఖాతాలు కూడా మూసేసి, తర్వాత గలతీ అయిందని మాఫీ అడిగింది. పాతబస్తీ దారుల్‌షిఫా నుంచి మషద్ జియారత్‌కు వెళ్లే కుటుంబాలు ఎన్నో. హోటల్లో లాప్‌టాప్ తెరిచిన పాపానికి తిరిగొచ్చాక 403 చూడాల్సిన పిల్లలు మన దగ్గరా ఉంటారు.

ఇప్పుడు లైనక్స్ సంగతి. నా కోపం పెరిగిందీ, తగ్గిందీ ఇక్కడే.

2024 అక్టోబరులో లైనక్స్ ముతవల్లీల జాబితా నుంచి డజను మంది దాకా పేర్లు తీసేశారు. దాదాపు అందరూ రష్యావాళ్లు. తీసేసిన పెద్దమనిషి గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్, లైనస్ తర్వాత అంతటివాడు. కారణం ఒక్క ముక్క: చట్టపరమైన నిబంధనలట. తగిన సబూత్ చూపిస్తే తిరిగి రావొచ్చన్నాడు. ఏ సబూత్, ఎవరికి చూపాలి, ఏమీ చెప్పలేదు. ప్రశ్నలు వెల్లువెత్తాయి. లైనస్ మండిపడ్డాడు. తాను ఫిన్లాండ్ వాడినని, రష్యా దురాక్రమణకు వత్తాసు పలుకుతాననుకున్నారా అని. కొన్ని రోజుల తర్వాత ఇంకొకాయన వివరంగా చెప్పాడు: అమెరికా ఆంక్షల జాబితాలో ఉన్న కంపెనీల్లో పనిచేసేవాళ్లకే ఇది అని. తొలగించినవాళ్లలో ఒకాయన ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన అందరికీ పేరు పేరునా వీడ్కోలు ఉత్తరం రాసి వెళ్లిపోయాడు.

వాళ్లు రాసిన కోడ్ మాత్రం అక్కడే ఉంది. బావి తవ్వినవాణ్ణి గేటు బయట నిలబెట్టి నీళ్లు మనం తాగుతున్నాం.

ఇక కోపం తగ్గిన సంగతి. యుక్రెయిన్‌లో ఇల్లు కూలిన తల్లికి ఈ డజను మంది బాధ చెప్పడానికి నాకు నోరు రాదు. సైన్యానికి సామాను చేసి ఇచ్చే కంపెనీ మీద పాబందీ పెడితే నేను కాదనను. లైనక్స్ ఫౌండేషన్ అమెరికాలో రిజిస్టరైన సంస్థ. అక్కడి చట్టాన్ని కాదని బతకలేదు. మనం ఇక్కడ ట్రస్టులు నడపడం లేదా, హుకూమత్ కాగితం అడిగితే ఇవ్వడం లేదా? కాబట్టి వాళ్ల మజ్‌బూరీని ఒప్పుకుంటాను. వాళ్లు చేసిన తీరును ఒప్పుకోను. ఏ ఖాజీ అయినా సజా వేసే ముందు ఆరోపణ ఏమిటో చెబుతాడు, నీ మాటేమిటని అడుగుతాడు. ఇక్కడ ఒక పొద్దున జాబితా తెరిచి చూస్తే నీ పేరు లేదు. పేరు లేకపోవడమే ఖబర్.

షక్ ఉంది కాబట్టి తీసేశారు అంటారా? షక్ మాటే తీసుకుందాం. అదే 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాములో దొంగ తలుపు బయటపడింది. లైనక్స్ నడిచే చాలా యంత్రాల్లో ఉండే ప్రోగ్రాము అది. ఒకడు మారుపేరుతో వచ్చి, రెండేళ్లకు పైగా ఓపిగ్గా ఖిద్మత్ చేసి, అలసిపోయిన ముతవల్లీ పక్కన చోటు సంపాదించి ఆ తలుపు పెట్టాడు. పట్టుకున్నది ఏ జాబితా కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలోకి లాగిన్ అవుతుంటే అర సెకను ఆలస్యమెందుకైందని తవ్వితే దొరికింది. దోచుకోవడానికి వచ్చినవాడి పేరు ఏ ఆంక్షల పట్టీలోనూ లేదు. ఎవరో చదివి చూడబట్టి కౌమ్‌లన్నిటికీ గండం తప్పింది. కోడ్‌లో భరోసా అలా చదివి చూడటం వల్ల వస్తుంది. పాస్‌పోర్టు చూడటం వల్ల రాదు.

2025 జనవరిలో లైనక్స్ ఫౌండేషన్ ఒక మార్గదర్శకం విడుదల చేసింది, మేలే చేసింది, అంతకుముందు అదీ లేదు. దాని సారాంశం నాకు అర్థమైనంతలో ఇది: ఆంక్షల కిందికి వచ్చేవాడు తనంతట తాను ఒక ప్యాచ్ పంపితే దాన్ని చూడటంలో పెద్ద చిక్కు లేకపోవచ్చు. కాని వాడికి జవాబు రాసి, ఇక్కడ ఇలా మార్చు, అక్కడ అలా దిద్దు అని ఇద్దరూ కలిసి పనిచేస్తే అది లావాదేవీ కిందికి వచ్చే ప్రమాదం ఉంది. వకీళ్లు ఆలోచించి రాసిన మాటే, తప్పు పట్టను. కాని చదివినప్పుడు నాకు తోచింది ఒక్కటే. సలాం తీసుకోవచ్చు. జవాబు ఇవ్వకూడదు. సలాం చెప్పడం సున్నత్, జవాబు ఇవ్వడం వాజిబ్ అని మక్తబ్‌లో నేర్చుకున్న మనకు ఇది ఎలా మింగుడు పడుతుంది? మాట్లాడకుండా ప్యాచ్‌ను దిద్దలేరు. దిద్దుకోకుండా పిల్లలు పెరగరు. ఈ పనిలో ఇల్మ్ అంతా ఆ వెనకా ముందు మాటల్లోనే ఉంది. బళ్లో నేను నోట్సు తీసుకుని, మార్కులు వేయకుండా, ఒక్క మాట చెప్పకుండా పంపేస్తే అది చదువు చెప్పడం అవుతుందా?

ఒక పేరు మీకు చెప్పాలి. బాసిల్ ఖర్తబీల్, డమాస్కస్‌లో పెరిగిన ఫలస్తీనీ సిరియన్. ఫైర్‌ఫాక్స్‌కు, వికీపీడియాకు పనిచేశాడు. సిరియాలో క్రియేటివ్ కామన్స్‌కు పెద్దగా ఉన్నాడు. పల్మైరా శిథిలాల్ని కంప్యూటర్‌లో తిరిగి కట్టే పని మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో అమెరికా ఆంక్షల కింద సిరియా మొత్తం ఉంది, అంటే బాసిల్ కూడా. 2012 మార్చి 15న అసద్ హుకూమత్ అతణ్ణి పట్టుకెళ్లింది. 2015 అక్టోబరులో చంపేసింది. ఆ సంగతి భార్యకు తెలిసింది 2017లో. ఆంక్షలు ఏ హుకూమత్ మెడ వంచడానికి పెట్టారో, ఆ హుకూమత్ చేతిలోనే చచ్చిపోయాడు. ఇలాంటి దేశాల్లో తెరిచిన కోడ్ రాసేవాడు చాలాసార్లు హుకూమత్‌కు దోస్త్ కాదు, దాని కంట్లో నలుసు. వాణ్ణీ దాన్నీ ఒకే పేరు కింద కట్టేస్తున్నాం. 2025 జూన్ 30న అమెరికా సిరియా మీది ఆంక్షల కార్యక్రమాన్ని ఎత్తేసింది. చూడటానికి బాసిల్ లేడు.

ఇదంతా ఎక్కడో దూరం వాళ్ల తక్లీఫ్ అనుకునేవాళ్లకు రెండు ముక్కలు. 1998లో పోఖ్రాన్ తర్వాత అమెరికా మన సంస్థల్ని కూడా జాబితాలో పెట్టింది. మన కంచన్‌బాగ్‌లోని భారత్ డైనమిక్స్ పేరు 2011 జనవరి దాకా అందులో ఉంది. ఇక 2025 జులై. యూరప్ వాళ్లు నయారా ఎనర్జీ మీద ఆంక్ష పెట్టారు, దాంట్లో రష్యా కంపెనీ వాటా ఉందని. గుజరాత్‌లో రిఫైనరీ, పనిచేసేది మనవాళ్లు. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఈమెయిళ్లు ఆపేసింది. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక మళ్లీ వచ్చాయి. పెద్ద కంపెనీకి కోర్టు ఉంది, వకీలు ఉన్నాడు. ఆదివారం పూట ఇంట్లో కూర్చుని కోడ్ రాసే పిల్లాడికి ఎవరున్నారు? ఆ జాబితాలు ఎవరు రాస్తారో వాళ్ల మూడ్ మారితే మన పిల్లలూ అవతలి వైపు నిలబడతారు. గచ్చిబౌలి బిరాదరీ ఈ మాట గుర్తుంచుకుంటే బాగుంటుంది.

మావాడి సంగతికి వస్తాను. నేను చెప్పింది ఇది. "బేటా, ముందు దాచకు. ఇరాన్ విషయంలో అమెరికా కంపెనీల విదేశీ శాఖలు కూడా 2012 నుంచి ఆ చట్టం కిందికే వస్తాయి. అందుకని మీ ఆఫీసుకు కాగితం మీద రాసి అడుగు. యాప్ నాది, కంపెనీది కాదు, పైసా లావాదేవీ లేదు, కోడ్ అందరికీ తెరిచి ఉంది అని. వద్దంటే అప్పుడు ఆలోచిద్దాం. ఎవడో సీనియర్ టీ తాగుతూ అన్న మాటకు భయపడి ఒక మనిషి సలాంను మురగబెట్టకు." వాళ్లమ్మకు నా సలహా నచ్చలేదు. నౌక్రీ పోతే నువ్విస్తావా అంది. ఆమె ఖౌఫ్ గలత్ అని నేననను. ఇంటి కిస్తులు కట్టేది వాడు.

ఆఫీసు నుంచి రెండు వారాలకు జవాబొచ్చింది: అది మీ వ్యక్తిగత పని, కంపెనీ లాప్‌టాప్, కంపెనీ ఈమెయిలు వాడొద్దు. అంతే. ఇన్ని రాత్రుల నిద్ర ఒక వాక్యంతో తీరింది. ఆ వాక్యం అందరికీ ఇలాగే వస్తుందని నేను అనడం లేదు.

ఈలోగా 2025 సెప్టెంబరు చివర్లో ఇరాన్ మీద ఐక్యరాజ్యసమితి పాత ఆంక్షలు తిరిగి వచ్చాయి. ఆ అబ్బాయి ఖైరియత్‌గా ఉన్నాడో లేడో, అసలు వాడికి నెట్ ఉందో లేదో అని మావాడు బెంగపడ్డాడు. మొన్న జుమా నాడు ఆ ఏడు లైన్లు యాప్‌లో కలిపాడు. పంపినవాడి పేరు పంపినవాడికే పెట్టాడు. ఆలస్యానికి మాఫీ అడుగుతూ ఇంగ్లీషులో నాలుగు మాటలు రాసి, పంపే ముందు లాప్‌టాప్ నా వైపు తిప్పి చూపించాడు. అన్నీ ఉన్నాయి గాని మొదటి లైను లేదు. నేనే పక్కన కూర్చుని ఉర్దూ అక్షరాల్లో చెప్పి రాయించాను: వ అలైకుమ్ అస్సలాం.